తాత పెట్టెలో రాజు బొమ్మ బిళ్ళలు: ఏవి ఉంచాలి, ఏవి అమ్మాలి, 50 వేలతో వ్యాపారం అయిద్దా

తమ్ముడూ, నువ్వు రాసింది మొత్తం చదివా. చదివేవాళ్ళకి అర్థం కావాలని ముందు నీ సంగతి రెండు ముక్కల్లో చెప్తా. గుంటూరు బ్రాడీపేటలో మీ తాతగారి రేకు పెట్టె తెరిస్తే 14 పాత రూపాయి బిళ్ళలు దొరికినయ్, విక్టోరియావి, ఎడ్వర్డ్‌వి, జార్జివి, అందులో ఒకటి 1911ది. వెనకవైపు ఉర్దూ రాత ఉన్న ఒక పెద్ద వెండి మెడల్, లండన్‌లో ఉండే మీ మేనమామ ఎప్పుడో తెచ్చిచ్చిన రెండు పెద్ద బిళ్ళలు (1977ది ఒకటి, చార్లెస్ డయానా పెళ్ళిది 1981 ఒకటి), ఇంకా పట్టాభిషేకం బొమ్మేసి ఈస్ట్ ఇండియా కంపెనీ 1818 అని రాసున్న రాగి బిళ్ళ. ఎలిజబెత్ రాణి పోయాక ఇట్టాంటివి లక్షలకి పోతన్నయ్యంట నిజమేనా, ఎక్కడ అమ్మాలి, చేతిలో 50 వేలు ఉన్నయి ఊళ్ళమ్మట తిరిగి కొని ఆన్‌లైన్లో అమ్మితే మిగులుద్దా అని కదా నీ ప్రశ్న.

నేను బెజవాడలో ఉంటా, రైల్వేలో చేసి రిటైరయ్యా, ముప్పై ఏళ్ళ పైన ఈ బిళ్ళలు పోగేస్తన్నా, మా ఆవిడ దీన్ని చిల్లర జబ్బు అంటది. సంపాదించింది కొంచెం, పోగొట్టుకుంది ఇంకొంచెం ఎక్కువ, ఆ పోగొట్టుకున్న దాంట్లోనే నీకు పనికొచ్చే సరుకు ఉంది కాబట్టి దాన్నించే మొదలుపెడతా.

ముందు మీ మేనమామ ఇచ్చిన రెండు బిళ్ళల సంగతి. వాటిని క్రౌన్ అంటారు, ఇంగ్లండు వాళ్ళు రాజకుటుంబంలో ఏదన్నా పెద్ద కార్యం జరిగినప్పుడు కొడతారు. 1977ది ఎలిజబెత్ గద్దెనెక్కి 25 ఏళ్ళయిన సందర్భానికి, ఒకవైపు గుర్రం మీద రాణి ఉంటది. 1981ది జూలై 29న జరిగిన పెళ్ళికి. చూడ్డానికి అరచేతిలో అప్పచ్చంత ఉంటయి, బరువు 28 గ్రాముల పైనే, మెరుస్తా ఉంటయి, ఎవరైనా వెండే అనుకుంటారు. కాదు. రాగీ నికెలూ కలిపిన లోహం. ముఖ విలువ 25 పెన్సులు. ఇక ఎన్ని కొట్టారో తెలుసా, 1977ది 3 కోట్ల 70 లక్షలు, 1981ది 2 కోట్ల 67 లక్షలు. కొన్నోళ్ళల్లో ఖర్చుపెట్టినోడు దాదాపు ఎవడూ లేడు, అందరూ బీరువాలోనే పెట్టుకున్నారు. అంటే ఇవాళ్టికీ అన్నీ కొత్తగా అట్టాగే ఉన్నయి, ఇక నీ దగ్గరున్నదానికి ఎవడు ఎందుకు ఎక్కువిస్తాడు.

ఇది నాకు తెలియక 1997లో బోల్తా పడ్డా. ఆ ఆగస్టు 31న డయానా చనిపోయింది, టీవీలో వారం రోజులు అదే, అప్పుడు గవర్నర్‌పేటలో మాకు తెలిసినాయన అన్న లండన్ నుంచి వచ్చేస్తా 40 పెళ్ళి బిళ్ళలు తెచ్చాడు, ఒక్కోటి 150 అన్నాడు. ఆమె పోయింది కాబట్టి ఇక వీటికి రెక్కలొస్తయ్యని నేను మొత్తం 40 తీసుకున్నా, ఆరు వేలు, అప్పట్లో నా జీతంలో అది చిన్న ముక్కేం కాదు. తర్వాత పాతికేళ్ళు దాటింది. 12 అమ్మగలిగా, అదీ కొన్న రేటుకి అటూ ఇటుగా. మిగతావి చుట్టాల పిల్లల పుట్టినరోజులకి, ఓణీల ఫంక్షన్లకి కవర్లో నూటపదహార్లతో పాటు పెట్టి ఇస్తన్నా. పిల్లలు సంతోషపడతారు, చాక్లెట్ అనుకుని కొరికినోడు కూడా ఉన్నాడు. అందుకని రాణి పోయింది, రేట్లు పెరిగినయ్ అని ఎవడన్నా చెప్తే నాకు ఆ 40 బిళ్ళలు గుర్తొస్తయి. 2022 సెప్టెంబర్లో ఎలిజబెత్ పోయినప్పుడు కూడా నాకు రోజుకి పది ఫోన్లు వచ్చినయ్, అమ్ముతామన్నోళ్ళే అందరూ, కొంటామన్నోడు ఒక్కడు లేడు.

జ్ఞాపకం కోసం దాచుకోమని కొట్టిన వస్తువుని అందరూ దాస్తారు, అందుకే అది అరుదు కాదు. వాడుకోడానికి కొట్టింది, పంచిపెట్టింది, వెనక్కి తీసుకుని కరిగించింది, ఇట్టాంటివి అరుదవుతయి. ఇంత చిన్న విషయం నాకు ఎక్కడానికి ఆరు వేలు పట్టింది. ఎన్టీఆర్ గారి వంద రూపాయల నాణెం చూడు, 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి గారు విడుదల చేశారు, 35 గ్రాములు, అందులో సగం వెండి అంటే పదిహేడున్నర గ్రాములు. మన బెజవాడలో అభిమానంతో కొనుక్కున్నోళ్ళకి నేను దణ్ణం పెడతా, నేనూ ఒకటి కొన్నా, అది వేరే లెక్క. కానీ మింట్ (నాణేలు కొట్టే టంకశాల) రేటు మీద రెండింతలు పెట్టి వేరేవాళ్ళ దగ్గర కొని పదేళ్ళకి లాభమొచ్చిద్దని కూర్చున్నోళ్ళని చూస్తే మాత్రం నా 40 బిళ్ళలు వాళ్ళకి చూపించాలనిపిస్తది.

మీ మేనమామ తెచ్చిన వాటికి డబ్బా, సర్టిఫికెట్ కాయితం ఏమన్నా ఉన్నయ్యేమో వెతుకు. అదే బిళ్ళని స్టెర్లింగ్ వెండిలో కూడా కొట్టారు, అద్దంలాగా మెరిసిద్ది, దాన్ని ప్రూఫ్ అంటారు, అందులో 26 గ్రాముల దాకా అసలు వెండి ఉంటది కాబట్టి కనీసం వెండి రేటు గ్యారంటీ. తిరకాసు ఏంటంటే రెండిటి బరువూ ఒకటే, 28.28 గ్రాములు, వెడల్పూ ఒకటే, కాటా మీద పెడితే తేడా తెలీదు. నీళ్ళ పరీక్ష చెయ్యాలి. 0.01 గ్రాము చూపించే చిన్న డిజిటల్ కాటా కొనుక్కో, ఖరీదు ఎక్కువేం కాదు, దాని మీద గ్లాసుతో నీళ్ళు పెట్టి సున్నా చెయ్యి, బిళ్ళని సన్న దారంతో కట్టి గ్లాసు అడుక్కీ గోడకీ తగలకుండా నీళ్ళల్లో పూర్తిగా మునిగేట్టు వేలాడదియ్యి. కాటా ఎంత చూపిస్తదో రాసుకో. బిళ్ళ బరువుని ఆ అంకెతో భాగిస్తే 10.3 చుట్టూ వస్తే మంచి వెండి, 8.9 దగ్గరికి వస్తే రాగి నికెల్. ఈ క్రౌన్ అయితే వెండిది 2.7 చూపిస్తది, మామూలుది 3.2 దాకా పోయిద్ది. గీటురాయి మీద గీకించొద్దు, ఆకురాయి పెట్టించొద్దు, ఆ గీత పడ్డాక బిళ్ళ బిళ్ళ కాదు, వెండి ముక్కే.

సరే, ఇప్పుడు రూపాయిలు. అసలు విషయం ఉన్నది వీటిల్లోనే, పైగా ఇవి జ్ఞాపకానికి కొట్టినవి కూడా కాదు, బజార్లో తిరగడానికి కొట్టినవి. విక్టోరియా నుంచి జార్జి ఐదు దాకా రూపాయి అంటే 11.66 గ్రాములు, సరిగ్గా తులం, నూటికి 91.7 పాళ్ళు వెండి, అంటే లోపల సుమారు 10.7 గ్రాముల అసలు వెండి. ఆ రోజు వెండి రేటుతో గుణించుకో, అదే నీ కనీస ధర, అంతకి కిందకి ఎవడికీ ఇయ్యొద్దు. విక్టోరియా బిళ్ళ మీద క్వీన్ అని ఉంటే 1877కి ముందు రకం, ఎంప్రెస్ అని ఉంటే ఆ తర్వాత, ఎందుకంటే 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు చేసి ఆమెని హిందూస్థాన్ చక్రవర్తిని అని ప్రకటించారు. 1862 అని ఉన్న బిళ్ళలు కుప్పలుగా దొరుకుతయి, దానికో కారణం ఉంది, 1874 దాకా అదే సంవత్సరం వేసి కొడతానే ఉన్నారు, ఏ సంవత్సరందో తెలియడానికి చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు లెక్కపెట్టేవాళ్ళు ఉన్నారు, కళ్ళజోడు మీద భూతద్దం పెట్టుకుని గంటలు గంటలు, నేనూ ఆ బాపతే. కొన్ని చుక్కల రకాలకి మంచి ధర ఉంది, కాబట్టి 1862వి గంపగుత్తగా ఇచ్చెయ్యకు.

ఎడ్వర్డ్ ఏడు బిళ్ళ మీద కిరీటం ఉండదు, బట్టతలతో ఉంటాడు, గుర్తుపట్టడం తేలిక. జార్జి ఆరు దగ్గరికి వచ్చేసరికి యుద్ధం, వెండి కరువు, 1940 నుంచి రూపాయిలో వెండి సగానికి దింపేశారు, అంటే 5.8 గ్రాములే. 1943, 44, 45 బిళ్ళలు మన ఇళ్ళల్లో లక్ష్మీపూజ పళ్ళెంలో ఉండేవి ఎక్కువగా ఇవే. ఇక 1947 రూపాయి, వెనక పులి బొమ్మ ఉండేది, అది వెండే కాదు, మొత్తం నికెల్. అయస్కాంతం పెట్టు, టక్కున అతుక్కుంటది. మన కృష్ణా ఘాట్ల దగ్గర తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళల్లో వేసే పిల్లలకి అప్పుడప్పుడు ఈ పులి రూపాయి దొరుకుద్ది, వాళ్ళు వెండి దొరికిందని పరిగెత్తుకొస్తారు, వెండైతే అయస్కాంతానికి ఎట్టా దొరుకుద్దిరా అంటే మొహం వేలాడేస్తారు.

నీ పెట్టెలో నాకు ఆశ ఉన్నది ఆ 1911 బిళ్ళ మీద. దాని కథ చెప్పాలి. జార్జి ఐదు గద్దెనెక్కాక కొత్త రూపాయి చేశారు, రాజు వేసుకున్న అంగీ మీద ఒక హారం, ఆ హారంలో ఏనుగు బొమ్మ. చెక్కినాయన ఏనుగు తొండం మరీ పొట్టిగా చెక్కాడు, జనానికి అది పందిలాగా కనపడింది. ముస్లింలకి అది ఎంత కష్టంగా ఉంటదో చెప్పక్కర్లేదు కదా, గోల లేచింది, సర్కారు తొందరగా ఆపేసి, కొట్టిన దాదాపు 94 లక్షల్లో 7 లక్షలు మాత్రం బయటికి వెళ్ళినయ్, మిగతావి కరిగించేశారు. 1912 నుంచి తొండం సరిచేసి, చెవులు కనపడేట్టు చేసి మళ్ళీ కొట్టారు. అందుకే దాన్ని పంది రూపాయి అంటారు. దాచుకోమని కొట్టింది కాదు, సిగ్గుపడి కరిగించింది, అందుకే దానికి ధర. అట్టాగని లక్షలు కాదు నాయనా, 7 లక్షల బిళ్ళలు బయట ఉన్నయ్ కదా. బాగా ఉంటే వేలల్లో, అరిగిపోతే వెండి రేటు మీద ఇంకొంచెం, అంతే. 1911 అర్ధ రూపాయి, పావలా, బేడ, కాణీ వీటిల్లో కూడా అదే బొమ్మ ఉంటది, అవి కూడా ఉన్నయ్యేమో పెట్టె అడుగున చూడు.

దీంట్లో నకిలీలు మహా జాస్తి. నేను 2004లో ఒక ఆదివారం రోడ్డు పక్కన గుడ్డ పరుచుకున్నాయన దగ్గర ఒకటి కొన్నా, బేరమాడి 900కి దింపానని ఇంటికొచ్చి మీసం తిప్పా. కాటా మీద పెడితే 10.8 గ్రాములు. అరిగితే ఒకటి రెండు పాయింట్లు (పాయింటంటే గ్రాములో పదో వంతు) తగ్గుద్ది కానీ బొమ్మ కొత్తగా ఉండి ముప్పావు గ్రాము పైన తగ్గదు. అచ్చుపోసిన బిళ్ళ, అంచు మీద గాట్లు ఒక చోట లావు ఒక చోట సన్నం. అప్పట్నించీ కాటా జేబులో లేకుండా బయటికి వెళ్ళట్లా. నీ బిళ్ళ 11.5కి తక్కువుంటే బొమ్మ ఎంత అరిగిందో చూసి అనుమానపడు. అట్టాగే 1939 రూపాయి అని ఎవడన్నా తెస్తే ఆగు, అది నిజంగా అరుదైంది, పాత పాళ్ళ వెండితోనే కొట్టారు, కానీ 1938లో ఎనిమిదినీ 1940లో అంకెల్నీ గీకి 1939 చేసేవాళ్ళు ఉన్నారు. 1940ది అయితే అంచు చూస్తే దొరికిపోతాడు, 40 నుంచి అంచు గాట్ల మధ్యలో ఇంకో గాడి పెట్టారు దొంగనోట్ల భయానికి, అదే దొంగ బిళ్ళలు అనాలిలే, 39కి మామూలు గాట్లే. 38ని మార్చింది మాత్రం భూతద్దం కింద అంకె చుట్టూ ఉన్న ఖాళీ చోటు చూడాలి, గీకిన చోట మెరుపు వేరుగా ఉంటది.

మెడల్ గురించి. వెనక ఉన్నది ఉర్దూ కాదు, పారసీ, అంటే పర్షియన్ భాష. నువ్వు పెట్టిన కొలత ముప్పై ఎనిమిది మిల్లీమీటర్ల పైన అన్నావు, ముందువైపు రాజూ రాణీ ఇద్దరి తలలు పక్కపక్కన ఉన్నయ్యన్నావు, కాబట్టి అది 1911 డిసెంబర్ 12 నాటి ఢిల్లీ దర్బారు మెడల్. ఆ రోజే రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుస్తన్నామని ప్రకటించారు. అదే ఏడాది జూన్ 22న లండన్‌లో జరిగిన పట్టాభిషేకానికి వేరే మెడల్ ఉంది, అది కొంచెం చిన్నది, దాని మీద తేదీ ఉంటది, చాలామంది రెండిటినీ కలిపేస్తారు. రెండిటికీ రిబ్బను ఒకటే, ముదురు నీలం మధ్యలో రెండు సన్న ఎర్ర గీతలు. మీ దాని రిబ్బను చిరిగి పోగులుగా ఉన్నా సరే పారెయ్యకు, కత్తిరించకు, అట్టాగే ఉంచు.

ఈ దర్బారు మెడల్ మీద ప్రభుత్వం పేర్లు చెక్కించలా, ఎవరికన్నా పేరుంటే వాళ్ళే సొంతంగా చెక్కించుకుని ఉంటారు. మీ తాతగారి నాన్నగారు ఏం ఉద్యోగం చేశారో, పోలీసా, రెవెన్యూనా, పటాలమా, ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. సనదు (సర్కారు ఇచ్చిన పత్రం), పాత ఫోటో, నియామక ఉత్తరం ఏ కాయితం ముక్క దొరికినా మెడల్ పక్కన పెట్టు. ఒంటి మెడల్‌కి ఒక ధర, కాయితంతో ఉన్న మెడల్‌కి ఇంకో ధర. తెనాలి పక్క ఒక ఊళ్ళో ఒకావిడ నాకు మొదటి ప్రపంచ యుద్ధం వెండి మెడల్ చూపించింది, అదీ జార్జి ఐదు బొమ్మదే, వెండి తూకానికి ఇచ్చేద్దామని కూర్చుంది. దాని అంచు తిప్పి చూస్తే ఆమె మామగారి నాన్నగారి పేరు, నంబరు, పటాలం పేరు ఇంగ్లీషులో చెక్కి ఉన్నయ్. చదివి వినిపిస్తే ఆవిడ చాలాసేపు మాట్లాడలా. అమ్మనని చెప్పి మళ్ళీ చీర మడతలో పెట్టుకుంది, నాకు మజ్జిగ ఇచ్చి పంపింది. యుద్ధం మెడళ్ళకి అంచు ముఖ్యం, గుర్తుపెట్టుకో. ఇంకో తమాషా ఏంటంటే అదే మెడల్ కూలి పటాలాల వాళ్ళకి కంచుతో కొట్టిచ్చారు, మన దేశం నుంచి వెళ్ళిన కూలీలకీ ఇచ్చారు, వెండిది కాదు కదా తక్కువ అనుకుంటారు గానీ కంచుదే ఎక్కువ పలుకుద్ది, ఎందుకంటే కంచువి తక్కువ.

కైజర్-ఇ-హింద్ అని ఇంకో మెడల్ ఉండేది, ప్రజాసేవకి ఇచ్చేవాళ్ళు, 1900లో పెట్టారు. మన గుంటూరులో ఆడవాళ్ళ ఆసుపత్రి నడిపిన డాక్టర్ అన్నా కుగ్లర్ గారికి వచ్చింది. గాంధీ గారికీ 1915లో ఇచ్చారు, ఆయన 1920లో వెనక్కి ఇచ్చేశాడు. అది ఎవరన్నా మీ ఊళ్ళో చూపిస్తే బేరమాడకు, ముందు ఫోటో తీసి నాకు పంపు. బడిపిల్లలకి పట్టాభిషేకాలప్పుడు పంచిన ఇత్తడి, తెల్ల లోహం బిళ్ళలు మాత్రం పైన బెజ్జం వేసి ఉంటయి, వాటికి ధర అంతంతే, నాకు మాత్రం అవంటే ఇష్టం, ఏ పిల్లోడు దాన్ని మొలతాడుకి కట్టుకుని తిరిగాడో అనిపిస్తది.

ఎడ్వర్డ్ ఎనిమిది గురించి ఒక్క మాట, ఎందుకంటే ఊళ్ళమ్మట తిరిగితే నీకు ఎవడో ఒకడు అంటగడతాడు. ఆయన 1936 డిసెంబర్లో గద్దె దిగిపోయాడు, పట్టాభిషేకం 1937 మే 12న అని ముందే ముహూర్తం పెట్టారు కాబట్టి కంపెనీలు ఆయన బొమ్మతో మెడళ్ళు, కప్పులు, డబ్బాలు ముందే చేసి పెట్టుకున్నాయి. జరగని పట్టాభిషేకం మెడల్ కదా బంగారం అంటారు, కాదు, బోలెడన్ని ఉన్నయ్. ఆ ముహూర్తానికే తమ్ముడు జార్జి ఆరుకి కిరీటం పెట్టారు. ఎడ్వర్డ్ ఎనిమిది పేరుతో బ్రిటిష్ ఇండియా రూపాయి లేదు, మన దేశంలో ఆయన పేరు వేసింది కచ్, జోధ్‌పూర్ లాంటి సంస్థానాల వాళ్ళు. ఆయన బొమ్మతో ఇండియా రూపాయి అని ఎవడన్నా చూపిస్తే నమస్కారం పెట్టి వచ్చెయ్యి.

రామ పట్టాభిషేకం 1818 బిళ్ళ సంగతి, బాధపడకు, అది నాణెమే కాదు. కంపెనీ వాళ్ళు అట్టాంటి బిళ్ళ ఎప్పుడూ కొట్టలా. మనకి రామమాడలంటే రామదాసు కథ నుంచీ భక్తి ఉంది, పూజకి పట్టాభిషేకం బొమ్మ బిళ్ళలు పెట్టుకోవడం పాత అలవాటు, దాన్ని పట్టుకుని తర్వాత ఎవరెవరో కంపెనీ పేరూ ఒక సంవత్సరమూ వేసి కొట్టి అమ్మారు, 1616 అని కూడా వేస్తారు, 1717 అని వేస్తారు, ఏది తోస్తే అది. దేవుడి గదిలో పెట్టుకో. అది బియ్యం గింజల్ని లాగుద్ది, అమెరికా కంపెనీ కోట్లిస్తది, పరీక్షకి ముందు లక్ష కట్టండి అనేవాడు వస్తే మాత్రం వాడితో కాఫీ కూడా తాగొద్దు. రైస్ పుల్లింగ్ అని దీనికి పేరు, మన రెండు జిల్లాల్లో పొలాలమ్ముకుని కట్టినోళ్ళని నేను ఎరుగుదును. ఆన్‌లైన్లో రిజర్వ్ బ్యాంక్ పేరు చెప్పి పాత నాణేలు కొంటాం, కమిషన్ ముందు కట్టండి అనేది కూడా ఇదే జాతి, మేము అట్టాంటి పని చెయ్యం అని రిజర్వ్ బ్యాంకే 2021లో ప్రకటన ఇచ్చింది. వైష్ణోదేవి ఐదు రూపాయలకి లక్షలు అనే వీడియోలు చూడటం ఇవాళే మానెయ్.

అమ్మడం. బంగారం షాపులో ఇస్తే కరిగించే వెండి కింద చూస్తాడు, తరుగు తీస్తాడు, వాడి తప్పు లేదు, వాడి వ్యాపారం అది. కాబట్టి 1943-45వి, బాగా అరిగినవి, రింగు అతికించినవి, బెజ్జం వేసినవి అక్కడ ఇచ్చినా నష్టం లేదు. మిగతావి బిళ్ళల డీలరుకి. డీలరు వెయ్యికి అమ్మేదాన్ని నీ దగ్గర ఆరేడొందలకి అడుగుతాడు, అదేదో మోసమని ఉడుక్కోకు, వాడికీ అద్దె ఉంది, ఆ బిళ్ళ రెండేళ్ళు వాడి దగ్గరే కూర్చోవచ్చు. హైదరాబాద్‌లో నాణేల ఎగ్జిబిషన్లు జరుగుతయి, ఒకేచోట నలుగురైదుగురిని అడగొచ్చు, మొదటివాడికే ఇవ్వకు. బాగా విలువైందయితే వేలం సంస్థకి ఇవ్వు, కమిషన్ ఎంతో, డబ్బు ఎన్నాళ్ళకి చేతికొచ్చిద్దో ముందే కాయితం మీద రాయించుకో. అమెరికా గ్రేడింగ్ కంపెనీలు ఎన్‌జీసీ, పీసీజీఎస్ ఉన్నయి కదా, ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేసి నంబరు ఇస్తారు, దానికయ్యే ఖర్చు కంటే బిళ్ళ విలువ పది రెట్లుంటేనే ఆ పని చెయ్యి. 1981 క్రౌన్‌ని డబ్బాలో సీలు చేయించినోణ్ణి చూశా, డబ్బా ఖరీదు బిళ్ళ కంటే ఎక్కువ.

ఇక నీ 50 వేల వ్యాపారం. చట్టం ముందు తెలుసుకో. మన దేశంలో 1972లో వచ్చిన పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన నాణెం పురావస్తువు కిందకి వచ్చిద్ది. దాన్ని దేశం దాటించకూడదు, కాబట్టి మీ బావ అమెరికా పట్టుకెళ్ళి అక్కడ అమ్ముతానన్నాడన్నావే, ఆ మెడలూ 1911 రూపాయీ పంపించొద్దు. తాతల నుంచి వచ్చింది ఒకటీ అరా అమ్ముకోవడం వేరు, వాటిని కొని అమ్మే వ్యాపారం పెట్టడం వేరు, వ్యాపారానికి ఆర్కియాలజీ వాళ్ళ లైసెన్సు కావాలి. అమరావతి చుట్టుపక్కల పొలంలో కుండ దొరికింది, బిళ్ళలున్నయ్ అని ఎవడన్నా పిలిస్తే అసలు వెళ్ళకు, భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకి చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది, దొరికినోడితో పాటు కొన్నోడూ ఇరుక్కుంటాడు.

అది అట్టా ఉంచితే, నిజాయితీగా చెప్తన్నా, 50 వేలూ ఒకేసారి పెట్టొద్దు. మొదటి ఏడాది పది వేలకి మించకు, ఆ పది వేలు ఫీజు అనుకో. ఒక్క రకమే పట్టుకో, జార్జి ఐదు రూపాయిలు అనుకో, ఏ సంవత్సరం ఏ మింటుది ఎంతకి పోతందో వేలాల్లో అమ్ముడుపోయిన ధరలు చూసి నోట్‌బుక్‌లో రాసుకో, అడిగిన ధరలు కాదు, అమ్ముడుపోయిన ధరలు, ఈ రెండిటికీ కొండంత తేడా ఉంటది. కొనే ముందే అది రేపు పొద్దున ఎవడికి అమ్ముతావో ఆ మనిషి మొహం కళ్ళముందుకి రావాలి, రాకపోతే కొనొద్దు. వెండి రేటు ఎగిరినప్పుడు కొనడం ఆపు, అప్పుడు ఇళ్ళల్లోవాళ్ళు తెచ్చి అమ్ముతారు కానీ రేటు దిగితే నువ్వు ఇరుక్కుంటావు. బిల్లు లేకుండా ఎవరి దగ్గరా కొనకు, కనీసం అమ్మినాయన పేరు, ఊరు, సంతకం ఒక పుస్తకంలో ఉండాలి, దొంగసొత్తు నీ ఇంట్లో తేలితే చెప్పుకోడానికి.

దాచడం ఎట్టాగంటే మన గుంటూరు ఎండా బెజవాడ ఉక్కా కలిసి బిళ్ళల్ని చంపుతయి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లు వద్దు, రెండు మూడేళ్ళకి పచ్చ జిగురు పడిద్ది, రబ్బరు బ్యాండు చుట్టొద్దు, వెండి నల్లబడిద్ది, న్యూస్ పేపర్లో చుట్టొద్దు. మధ్యలో బిళ్ళ కనపడే కిటికీ ఉన్న అట్టముక్కలు అమ్ముతారు, వాటిల్లో పెట్టి డబ్బాలో సిలికా పొట్లాలు వెయ్యి. పట్టుకునేటప్పుడు అంచులే పట్టుకో.

ఒక ఆదివారం బస్సెక్కి బెజవాడ వస్తే బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్దాం. దాని అసలు పేరు విక్టోరియా జూబిలీ మ్యూజియం, 1887 జూన్ 27న అప్పటి కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సీవెల్ పునాది వేశాడు, రాణి ఏలుబడికి 50 ఏళ్ళయిన జ్ఞాపకంగా. మనం మాట్లాడుకునే బిళ్ళల్లాంటిదే, రాయీ సున్నంతో కట్టారు, అంతే. అక్కడే 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా చూపించింది. లోపల నాణేల గది కూడా ఉంది, అసలు బిళ్ళ ఎట్టా అరుగుద్దో, రంగు ఎట్టా మారుద్దో కళ్ళతో చూస్తే నేను ఎంత రాసినా రానిది వచ్చిద్ది.

ఈలోపు నాకు కావాల్సింది నాలుగు. ఆ 14 బిళ్ళల బరువులు విడివిడిగా. మెడల్ అంచు చుట్టూ ఫోటోలు. 1862వి ఉంటే సంవత్సరం దగ్గర దగ్గరగా తీసింది. 1911 బిళ్ళ మీద రాజు భుజం, ఆ ఏనుగు ఉండే చోటు, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. మీ అమ్మగారు వాటిని చింతపండు పెట్టి తోముతా అన్నారని చివర్లో రాశావు చూడు, అది చదవగానే నాకు గుండె జారింది, ఆమెకి నా నమస్కారాలు చెప్పి ఆ పెట్టె తాళం నీ దగ్గర పెట్టుకో. చింతపండు కాదు, పీతాంబరి కాదు, విభూది కాదు, ఉత్త గుడ్డ కూడా పెట్టి రుద్దొద్దు, కుంకుమ అంటుకుని ఉంటే ఉండనీ.